పళ్ళెం తిప్పితే తిన్నాడు: మెదడు దెబ్బ, చూపు, ఆటిజం కలగలిసిన ఒక కేస్

ఈ కేసులో నేను రెండుసార్లు పొరబడ్డాను. మొదట ఆటిజం అని రాసేసి, దాని వెనక ఇంకేముందో చూడలేదు. వెనక ఉన్నది కనపడ్డాక, అసలు ఆటిజమే కాదేమో అన్నాను. రెండూ తప్పే. పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టర్లు, థెరపిస్టులు, స్పెషల్ టీచర్లు, ఇలాంటి పిల్లలున్న అమ్మానాన్నలు చదువుతారని రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకుంది. పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు మార్చాను. బాబును చందు అందాం.

మొదటి రోజు

మూడేళ్ళ రెండు నెలల వయసులో చందును వరంగల్ వైపు ఒక పల్లె నుంచి నా దగ్గరికి తీసుకొచ్చారు. తండ్రి ట్రాక్టర్ నడుపుతాడు. తల్లి డిగ్రీ రెండో ఏడు దాకా చదివింది. వెంట నాయనమ్మ. ముగ్గురిలో నాకు ఎక్కువ నేర్పింది ఆవిడే, ఆ సంగతి తర్వాత.

"పిలిస్తే పలుకుతలేడు మేడం. మొఖం దిక్కు చూస్తలేడు. ఒక్క మాట లేదు. ట్యూబ్‌లైట్ కాడ నిలబడి చేతులు ఆడిస్తడు," అంది తల్లి. పక్కింటివాళ్ళు సెల్‌ఫోన్ చూపించి పెంచడం వల్లే ఇలా అయిందంటున్నారట. ఆ మాట చెబుతూ తల దించుకుంది. ఇంట్లో ఉన్నది బటన్ల ఫోను ఒకటి, తండ్రి జేబులో ఉండే స్మార్ట్‌ఫోను ఒకటి. చందు ఏ స్క్రీన్ నీ చూడడు. ముందు ఆమె తల మీద నుంచి ఆ బరువు దించాను.

గదిలోకి వస్తూ చందు గడప దగ్గర ఆగి, కుడి పాదంతో తడుముకుని దాటాడు. నేను చూశాను కానీ పట్టించుకోలేదు. నోట్సులో కూడా రాసుకోలేదు. లోపలికి రాగానే కిటికీ వైపు వెళ్ళాడు, వెలుగుకు ఎదురుగా నిలబడి కళ్ళ ముందు వేళ్ళు కదిలించాడు. బొమ్మ కారు ఇస్తే చక్రం చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. నా మొహం వైపు ఒక్కసారీ చూడలేదు. ఏదైనా వస్తువు కావాలంటే తల వేరే వైపు తిప్పి, చెయ్యి మాత్రం అటు చాపి అందుకున్నాడు. చూడకుండా తీసుకోవడం ఆటిజం పిల్లల్లో చాలా సార్లు చూసిందే కదా అనుకున్నాను.

ఐశా స్కేలు వేశాం. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ మన దేశం పిల్లల కోసం తయారుచేసిన స్కేలు అది, వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం క్యాంపుల్లోనూ అదే వాడతారు. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 నుంచి ఆటిజం కింద లెక్క. 107 నుంచి 153 మధ్య వస్తే మధ్యస్థాయి. చందుకు 118 వచ్చింది. ఆటిజం అని రాశాను. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, బొమ్మల కార్డులతో అడగడం నేర్పించడం అని ప్లాన్ ఇచ్చాను. బయట ఇంకా పద్నాలుగు మంది కూర్చుని ఉన్నారు. అది సాకు కాదు, ఆ రోజు ఉన్న పరిస్థితి.

ప్లాస్టిక్ కవర్లో పాత కాగితాలు

పుట్టుక గురించి అడిగితే తండ్రి చెప్పింది రెండు ముక్కలు: "షుగర్ తక్కువైందన్నరు, ఎక్కించిన్రు, తగ్గిందన్నరు." నేను "పుట్టినప్పుడు షుగర్ తగ్గింది, ఫిట్స్ వచ్చాయి" అని ఒక లైను రాసి ముందుకెళ్ళాను. కాగితాలు నెమ్మదిగా చదివింది నెలన్నర తర్వాత. అప్పుడు తెలిసింది ఇది.

38 వారాలకు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. బరువు 2.1 కిలోలు. నెలలు నిండాయి కానీ బిడ్డ బక్కగా ఉన్నాడు. పుట్టగానే ఏడ్చాడు, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తల్లికి కుట్ల నొప్పి, పాలు పడలేదు. రెండు రోజులు చెంచాతో చక్కెర నీళ్ళు, కొంచెం తేనె పట్టారు. "నిమ్మళంగ పన్నడు, మస్తు మంచి పిల్లగాడు అనుకున్నం," అని నాయనమ్మ గుర్తు చేసుకుంది. మూడో రోజు పొద్దున పూర్తిగా సోలిపోయాడు, చేతులు కాళ్ళు కొట్టుకున్నాయి. రక్తంలో షుగర్ 18. ఆరు రోజులు ఎన్ఐసీయూలో ఉన్నాడు. ఆ తర్వాత షుగర్ మళ్ళీ పడిపోలేదు కాబట్టి, హార్మోన్ల వల్ల వచ్చే పుట్టుకతో ఉండే జబ్బు కాదని అప్పటి డాక్టర్లు తేల్చారు.

పుట్టిన బిడ్డకు మొదటి రెండు మూడు రోజులు శరీరంలో దాచుకున్న చక్కెరే ఆధారం. బరువు తక్కువున్న బిడ్డకు ఆ నిల్వ చాలా తక్కువ. మెదడు మాత్రం తనకు కావలసింది తాను లాక్కుంటూనే ఉంటుంది. రక్తంలో షుగర్ 45 కంటే తక్కువకు పడితే వెంటనే చూడాల్సిన సంగతి. అందుకే ఇలాంటి పిల్లలకు మొదటి రెండు గంటల్లో ఒకసారి, ఆ తర్వాత 72 గంటల దాకా కొన్ని గంటలకోసారి మడమ మీద చిన్న సూది గుచ్చి చూడాలి. చందుకు మూడో రోజు ఫిట్స్ వచ్చేదాకా ఎవరూ గుచ్చలేదు. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం, ఇదే కథ నేను చాలా చోట్ల నుంచి విన్నాను. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. ఆపరేషన్ వల్ల మెదడు దెబ్బతినదు. కానీ ఆపరేషన్ అయిన తల్లి పక్కన బిడ్డను పెట్టి, ముర్రుపాలు పట్టించే మనిషి లేకపోతే మొదటి గంట రెండో రోజు దాకా సాగుతుంది.

ఐదో నెలలో ఇంకోటి మొదలైంది. నిద్ర లేవగానే తల ముందుకు పడేది, రెండు చేతులూ ఒక్కసారిగా విచ్చుకునేవి, వెంటనే ఏడుపు. ఒకదాని వెంట ఒకటి పది పదిహేను వచ్చేవి. ఉలిక్కిపడుతున్నాడని దిష్టి తీశారు. ఒక చోట కడుపులో గ్యాస్ అని చుక్కల మందు రాశారు. ఆరు వారాలు గడిచాక, తల్లి ఫోన్‌లో తీసిన వీడియో చూసి హైదరాబాద్‌లో పిల్లల న్యూరాలజిస్ట్ అరనిమిషంలో చెప్పారట: ఇన్ఫంటైల్ స్పాజమ్స్, అంటే పసిపిల్లల్లో వచ్చే ఒక రకం మూర్ఛ. 1841లో వెస్ట్ అనే ఇంగ్లీషు డాక్టరు తన సొంత కొడుకులో చూసి మొదటిసారి రాసిన జబ్బు ఇది. మెదడు తరంగాలు చూసే ఈఈజీ పరీక్ష అంతా చిందరవందరగా ఉంది. ఏసీటీహెచ్ ఇంజెక్షన్లతో తగ్గింది, పదకొండో నెలలో తిరగబెట్టింది, తర్వాత వైగాబాట్రిన్‌తో ఆగింది. ఎంఆర్ఐలో తల వెనక భాగం, దాని మీది భాగం రెండు వైపులా కుంచించుకుని, మచ్చలు కట్టి ఉంది. షుగర్ పడిపోయిన పిల్లల్లో దెబ్బ ఎక్కువగా తగిలేది అక్కడే. చూపును అర్థం చేసుకునే చోటు కూడా అదే.

ఆ రిపోర్ట్ మొదటి రోజు నా బల్ల మీదే ఉంది.

కార్డులు

నెలన్నర తర్వాత స్పీచ్ థెరపిస్ట్ వచ్చి, "మేడం, బొమ్మల కార్డులు పనిచేయట్లేదు. నోట్లో పెట్టుకుంటున్నాడు, చించుతున్నాడు, విసిరేస్తున్నాడు," అంది. ఇలాంటప్పుడు మా దగ్గర మామూలుగా వచ్చే సమాధానం, పిల్లాడు ఇంకా ఆ స్థాయికి రాలేదు అని. ఈ అమ్మాయి ఇంకో మాట కూడా చెప్పింది. చాప మీద పరిచిన కార్డుల్ని ముట్టని చందు, ఆమె నల్ల చున్నీ మీద ఒకటే పడితే తీశాడట. ఎర్ర టమాటా బొమ్మ ఉన్న కార్డు.

అదే వారం నాయనమ్మ వచ్చింది. తిండి సంగతి అడిగితే, "సగమే తింటడు. పళ్ళెం తిప్పితే మిగతా సగం తింటడు," అంది. ఎప్పటి నుంచి? "ఎప్పుడూ గంతే. నేనే తిప్పుత." ఆవిడకు అది జబ్బు కాదు, పిల్లాడి అలవాటు. నేను కాసేపు కుర్చీలోంచి లేవలేదు. కంటికి దగ్గరగా, కిందివైపు ఉన్నది ఆ పిల్లాడికి కనపడటం లేదు. పళ్ళెంలో తన వైపున్న అన్నం లేదు వాడికి. గడప లేదు. మెట్టు లేదు. తల పక్కకు తిప్పి చెయ్యి చాపడం నిర్లక్ష్యం కాదు, చూడటం, అందుకోవడం రెండూ ఒకేసారి చెయ్యలేక.

కంటి డాక్టరుకు అంతకుముందే చూపించారు. "కళ్ళు బాగున్నాయి" అన్నారట. నిజమే, కళ్ళు బాగున్నాయి. చెడింది మెదడులో చూపు. దీన్ని సెరిబ్రల్ విజువల్ ఇంపెయిర్‌మెంట్, పొట్టిగా సీవీఐ అంటాం. ఈసారి పిల్లల కంటి డాక్టరుకు చెప్పాల్సినది చెప్పి పంపితే, కిందివైపు చూపు లేదనీ, గజిబిజిగా ఉన్న చోట ఏదీ విడిగా పట్టుకోలేడనీ, కదిలేవి, ఎరుపు పసుపు రంగువి మెరుగ్గా చూస్తాడనీ రాసి పంపారు. చిన్న పవర్‌తో కళ్ళద్దాలు కూడా. వైగాబాట్రిన్ రెటీనాను దెబ్బతీయొచ్చు, అది వాడిన పిల్లాడు కాబట్టి రెటీనా కూడా చూశారు, బాగుంది. వినికిడికి బెరా పరీక్ష మామూలుగా వచ్చింది.

మొదటి రోజు నేను మార్కులు వేసిన అంశాలు మళ్ళీ తీసి చూశాను. కళ్ళలోకి చూడడు, మొహం చూసి నవ్వడు, వేలితో చూపించడు, వెలుగును చూస్తూ ఉండిపోతాడు, మనుషుల్ని గుర్తుపట్టడు. ఇవన్నీ చూపు బాగా ఉన్న పిల్లాడికి వేసే లెక్కలు. సంతలోకి తీసుకెళితే చెవులు మూసుకుని అరుస్తాడన్నది ఆటిజం ఇంద్రియ సమస్యగా రాశాను. వందమంది కదులుతూ, ఏదీ విడివిడిగా కనపడని చోట ఎవరైనా అరుస్తారు.

ఈ ఉచ్చు గురించి నాకు తెలియక కాదు. అమెరికాలో 28 వారాల లోపు పుట్టిన పిల్లలు దాదాపు వెయ్యి మందికి రెండేళ్ళ వయసులో ఆటిజం ప్రశ్నావళి ఇస్తే 21 శాతం మందిలో అనుమానం తేలింది. 2009లో వచ్చిన అధ్యయనం అది. నడక, చూపు, వినికిడి, తెలివితేటల్లో పెద్ద లోపాలున్న వాళ్ళను పక్కన పెట్టి లెక్కేస్తే సగానికి, అంటే 10 శాతానికి పడిపోయింది. మా జూనియర్లకు ఈ అంకెలు నేనే చెబుతుంటాను.

రెండో పొరపాటు

ఇంట్లో మార్పులు చేశాం. తెల్లన్నం ముదురు రంగు పళ్ళెంలో. గడపకు, మెట్ల అంచులకు ఎర్ర టేపు. ఆడించేటప్పుడు వెనక నల్ల దుప్పటి, ముందు ఒకటే వస్తువు. ముట్టుకునే ముందు పేరు పిలిచి, "అమ్మ వచ్చింది" అని చెప్పడం. బొమ్మల కార్డులు తీసేసి అసలు వస్తువులే గుర్తులుగా పెట్టాం: చేతికి చెంచా ఇస్తే అన్నం, తువ్వాలు ముక్క ఇస్తే స్నానం, నాన్న తాళంచెవి ఇస్తే బయటికి.

నాలుగు నెలల్లో పిల్లాడు మారిపోయాడు. గడప దగ్గర ఆగటం మానేశాడు. చెంచా తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. పళ్ళెం మొత్తం తిన్నాడు. వెలుగు దగ్గర చేతులు ఆడించడం సగం తగ్గింది. నాకూ ఉత్సాహం వచ్చింది. "ఇది ఆటిజం కాకపోవచ్చు, చూపు వల్లే అలా కనపడి ఉండొచ్చు," అన్నాను. మర్నాడు తండ్రి స్వీట్ బాక్స్ తెచ్చాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అదే సమయంలో నా దగ్గరికి నాలుగేళ్ళ పాప ఒకతె వచ్చేది. నెలలు నిండకుండా పుట్టి రెటీనా దెబ్బతిని, బొత్తిగా చూపు లేదు. ఆ పాప గుమ్మంలో అడుగుల చప్పుడు వినగానే "ఎవరూ?" అనేది. నా గాజులు తడిమి "కొత్తయా?" అని అడిగేది. దొరికిన బొమ్మను తెచ్చి వాళ్ళమ్మ చేతిలో పెట్టి, "చూడు" అని ఆమె వేళ్ళను దాని మీద తిప్పేది. కళ్ళు లేకపోయినా, తనకు నచ్చింది ఎదుటివాళ్ళకు కూడా తెలియాలన్న తపన ఆ పిల్లలో పొంగిపొర్లేది.

చందులో అది లేదు. తాను వాడుకోగల దారుల్లో కూడా లేదు. అలవాటైన గదిలో, నిశ్శబ్దంలో, తల్లి గొంతుతో పేరు పిలిచినా తిరగడు. పక్కింట్లో మిక్సీ వేస్తే మాత్రం లేచి వెళ్ళిపోతాడు. పాట పాడే బొమ్మ బటన్‌ను వరసగా నొక్కుతూనే ఉంటాడు. ఇంకో చెయ్యి వచ్చి నొక్కితే తోసేస్తాడు. నాన్న పాటలో ఒక చరణం ముందు వెనక చేస్తే నేల మీద పడి ఏడుస్తాడు. మాటలు రావడం మొదలయ్యాక వచ్చినవి "బస్సొచ్చిందా", "తలుపెయ్యి" లాంటివి. ఎక్కడో విన్నవి విన్నట్టు, సందర్భం లేకుండా. ఒకసారి తల్లి నా ఎదుటే ఏడ్చింది. చందు ఆమె ఒడిలోనే ఉన్నాడు, గొంతు మారినా, ఒళ్ళు వణికినా వాడిలో ఏ కదలికా లేదు.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఒకటే. పిల్లాడికి ఏ దారి మూసుకుపోయిందో ఆ దారిలో ఆటిజం వెతకకూడదు. తెరిచి ఉన్న దారిలో, అంటే చందుకైతే చెవి, చర్మం, ఒంటి కదలిక, వాటిలో ఇచ్చిపుచ్చుకోవడం ఉందా లేదా చూడాలి. చూపుతో ముడిపడిన అంశాలు పక్కన పెట్టి, నాలుగేళ్ళ వయసులో మూడు సార్లు, వేర్వేరు రోజుల్లో, ఒకసారి వాళ్ళింటి వీడియోలు తెప్పించుకుని చూశాం. నేను, సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు విడివిడిగా రాసుకున్నాం. ముగ్గురం రాసింది ఒకటే: ఆటిజం ఉంది. సీవీఐ ఉంది. తెలివితేటల్లో వెనకబాటు ఉంది. మూర్ఛ ఉంది.

తల్లిదండ్రులకు మళ్ళీ చెప్పడం కష్టమైంది. "ఉందన్నరు, లేదన్నరు, మల్ల ఉందంటున్నరు," అన్నాడు తండ్రి. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. నేను తొందరపడ్డానని ఒప్పుకున్నాను.

మరి దెబ్బ వల్లే వచ్చిందా?

తండ్రి అడిగిన తర్వాతి ప్రశ్న ఇది. దీనికి నిజాయితీగా చెప్పగలిగిన జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది.

ఆటిజం ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ఎంఆర్ఐ మామూలుగానే ఉంటుంది, పుట్టుకలోనూ ఏ ఇబ్బందీ ఉండదు. జన్యువుల పాత్ర చాలా పెద్దది. అందుకే ప్రతి ఆటిజం పిల్లాడికీ స్కాన్ తీయక్కర్లేదు. ఫిట్స్, తల చిన్నగా ఉండటం, ఒక వైపు బలహీనత, పుట్టినప్పుడు గండం, ఇలాంటివి ఉంటేనే తీస్తాం.

అయితే ఇంకో వైపు కూడా ఉంది. 1977లో ఫోల్‌స్టైన్, రట్టర్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటన్‌లో, కనీసం ఒకరికైనా ఆటిజం ఉన్న 21 కవల జంటల్ని పరీక్షించారు. అచ్చం ఒకేలా ఉండే 11 జంటల్లో నాలుగింట్లో ఇద్దరికీ ఆటిజం ఉంది. మామూలు కవలలు 10 జంటల్లో ఒక్కదాంట్లోనూ ఇద్దరికీ లేదు. జన్యువుల గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఇక్కడి దాకా చెప్పి ఆపేస్తారు. అదే అధ్యయనంలో, ఒకరికే ఆటిజం ఉన్న 17 జంటల్ని చూస్తే, 12 జంటల్లో ఆటిజం బిడ్డ కథలోనే మెదడుకు దెబ్బ తగిలించగల గండం ఏదో ఒకటి ఉంది. ఒకే కడుపులో, ఒకే కాన్పులో పుట్టిన ఇద్దరిలో తేడా అక్కడ కనపడింది. జన్యువులా, దెబ్బా అని పోటీ పెట్టడం ఎంత దండగో నాకు ఆ కాగితం చదివాక అర్థమైంది.

దానికి ఆరేళ్ళ ముందే న్యూయార్క్‌లో స్టెల్లా చెస్ అనే సైకియాట్రిస్టు, తల్లి కడుపులో ఉండగా రుబెల్లా సోకిన 243 మంది పిల్లల్ని చూసి, పది మందిలో పూర్తి ఆటిజం, ఎనిమిది మందిలో సగం సగం లక్షణాలు ఉన్నాయని రాశారు. అప్పట్లో ఆటిజం పదివేల మందిలో నలుగురైదుగురికే ఉంటుందనుకునే రోజులు. ఆ పిల్లల్లో చాలామందికి చూపూ వినికిడీ కూడా దెబ్బతిన్నాయి, అంటే నేను పడ్డ చిక్కు ఆవిడ కూడా పడ్డదే. 2014లో వచ్చిన ఒక సమీక్షలో, పుట్టినప్పుడు చిన్నమెదడుకు దెబ్బ తగిలితే ఆటిజం ప్రమాదం సుమారు 36 రెట్లు పెరుగుతుందని లెక్కగట్టారు. చందుకు చిన్నమెదడు బాగానే ఉంది, కాబట్టి ఆ అంకె వాడికి వర్తించదు. మన దగ్గర సంగతికొస్తే, హైదరాబాద్‌తో సహా ఐదు చోట్ల రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలపై చేసి 2018లో ప్రచురించిన పెద్ద సర్వేలో, పుట్టగానే ఏడవకపోవడం, నెలలోపు జబ్బు చెయ్యడం, బరువు తక్కువ, మెదడు ఇన్ఫెక్షన్లు ఎదుగుదల సమస్యలతో ముడిపడి కనపడ్డాయి.

చందులో ఎలా జరిగి ఉంటుంది? మెదడులో ఆటిజం గది అంటూ ఒకటి లేదు, అక్కడ దెబ్బ తగలడానికి. నా అంచనా ఇది. మొదట, మూడో రోజు దెబ్బ. చిన్న వయసులో తగిలిన దెబ్బ తగిలిన చోటే ఆగదు, అక్కడి నుంచి దారులు వేసుకోవాల్సిన మిగతా భాగాలు కూడా ఆకలితో పెరుగుతాయి. రెండోది, ఐదో నెల నుంచి నెలల తరబడి ఆగీ ఆగనట్టున్న స్పాజమ్స్. పిల్లలు మొహాలు, నవ్వులు, గొంతులు జోడించుకునే సమయం సరిగ్గా అదే, ఆ ఈఈజీ అలజడిలో ఏదీ కుదురుగా నాటుకోదు. స్పాజమ్స్ వచ్చిన పిల్లల్లో ఆటిజం ఎక్కువని అందరం చూస్తున్నదే. మూడోది చూపు. అమ్మ దేని వైపు చూస్తుందో పిల్లాడికి కనపడకపోతే, ఇద్దరూ కలిసి ఒక వస్తువును పంచుకునే తొలి పాఠమే జరగదు. ఈ మూడింటిలో దేనికెంత వాటా అంటే, ఒక్క పిల్లాడి విషయంలో ఎవరూ తూచి చెప్పలేరు. జన్యు పరీక్షగా మైక్రోఅర్రే చేయించాం, ఏమీ తేలలేదు. అంటే జన్యువుల వాటా లేదని కాదు, ఆ పరీక్షకు దొరికేది లేదని మాత్రమే.

"అంటే ఆ మూడు రోజుల్ల మేం చక్కెర నీళ్ళు పోసుడు వల్లనా?" అని నాయనమ్మ అడిగింది. చక్కెర నీళ్ళు పాలకు బదులు కావు, నిజం. కానీ సూది గుచ్చి చూడాల్సిన వాళ్ళు గుచ్చలేదు, అది ఆవిడ పని కాదు. అంతే చెప్పాను.

చేసిన పని, చేయనిది

రెండు రోగనిర్ధారణలూ కలిసి ఉన్నప్పుడు థెరపీ ప్లాన్ రెండింటి మొత్తం కాదు, కొన్ని చోట్ల అవి కొట్టుకుంటాయి. ఆటిజం పిల్లలకు బొమ్మలతో రోజు పట్టిక పెట్టమంటాం, ఇక్కడ వస్తువుల పట్టిక, చెక్క పలక మీద కొక్కేలకు తగిలించి. సీవీఐ పిల్లలకు ఎక్కువగా మాట్లాడుతూ చుట్టూ ఏముందో చెప్పమంటాం, చందుకు ఎక్కువ మాటలు తట్టుకునే ఓపిక లేదు, రెండు మూడు పదాలకే తగ్గించాం. కలిసి ఆడటం చప్పట్లతో మొదలెట్టాం: అమ్మ రెండు కొట్టి ఆగుతుంది, మూడోది వాడు కొట్టాలి. మొదటి చప్పట్టుకు ఏడు వారాలు పట్టింది.

ఇంకొకటి, నేను కాక న్యూరాలజిస్టు పట్టుకున్నది. చందు తల గోడకు కొట్టుకోవడం, రాత్రి మూడింటికి లేవడం ఆటిజం ఖాతాలో వేశాం. ఫిట్స్‌కు వాడుతున్న లెవెటిరాసిటామ్ అనే మందు కొందరు పిల్లల్లో చిరాకు బాగా పెంచుతుంది. నెమ్మదిగా వేరే మందుకు మార్చారు. మూడు వారాల్లో తల కొట్టుకోవడం దాదాపు పోయింది. ఎంత థెరపీ చేసినా తగ్గనిది మందు మారిస్తే తగ్గింది.

మధ్యలో తండ్రి స్టెమ్ సెల్స్ గురించి అడిగాడు. ఎవరో ఫోన్ చేశారట, నాలుగు విడతలు, అరెకరం అమ్మితే సరిపోయేంత ఖర్చు. మెదడు దెబ్బకూ పనిచేస్తుంది, ఆటిజానికీ పనిచేస్తుంది అన్నారట. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స చెయ్యదగినది కాదని జాతీయ వైద్య కమిషన్ కమిటీ 2022 డిసెంబరులోనే చెప్పింది. ఆ సంగతి చెప్పాను. ఆ డబ్బుతో ఎన్నేళ్ళు థెరపీకి రానూపోనూ బస్సు చార్జీలు వస్తాయో కాగితం మీద లెక్కేసి చూపించాను. లెక్క చూసి భూమి ఉంచుకున్నాడు.

సదరం సర్టిఫికెట్ దగ్గర మళ్ళీ పాత ప్రశ్నే వచ్చింది: ఏ గడిలో టిక్కు పెట్టాలి? 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం అని ఒక్కటే రాయిస్తే స్కూల్లో టీచరు బొమ్మల చార్టులు ముందు పెడుతుంది. చూపు అని రాయిస్తే "కళ్ళు బాగున్నాయి" అని పంపేస్తారు. బహుళ వైకల్యం కింద రాయించాం, దానికి మూడు సార్లు తిరగాల్సి వచ్చింది.

ఇప్పుడు

చందుకు ఐదేళ్ళ నాలుగు నెలలు. అర్థమయ్యేలా పాతిక దాకా మాటలు వాడతాడు, "ఇయ్యి", "వద్దు", "బువ్వ", "నాన్న బండి" వాటిలో ఉన్నాయి. పలక మీద నుంచి వస్తువు తీసి తెచ్చి అడగడం రోజుకు పదిసార్లకు పైనే. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రానికి వారానికి మూడు రోజులు వెళ్తున్నాడు. అక్కడి టీచరు కిటికీకి వీపు పెట్టించి కూర్చోబెడుతుంది. పిల్లలతో ఆడడు, వాళ్ళు గోల చేస్తే పక్క గదిలోకి వెళ్తాడు. పోయిన శీతాకాలం జ్వరంతో ఒక ఫిట్ వచ్చింది. తల కొలత వయసుకు తక్కువగానే ఉంది. ఐశా మళ్ళీ వేస్తే 96. వాడు మెరుగవ్వడం కొంత, మేం సరిగ్గా చూడటం కొంత.

మొన్న ఏప్రిల్‌లో తల్లికి మళ్ళీ కాన్పు అయింది. గర్భంలో ఉండగానే అడిగింది, రెండో బిడ్డకూ వస్తుందా అని. ఆటిజం ఉన్న పిల్లల తోబుట్టువుల్లో ఐదుగురిలో ఒకరికి వస్తుందని చెప్పే లెక్క ఉంది. దెబ్బ కారణంగా కనపడుతున్న కేసుకు ఆ లెక్క నేరుగా అతికించలేమని చెప్పాను, అలాగని భయమే లేదని కూడా అనలేదు. తొమ్మిదో నెలలో ఒక తెల్లకాగితం మీద ఆమె చేతే రాయించాను: పుట్టిన గంటలో పాలు, రెండు గంటలకు షుగర్, బరువు తక్కువైతే 72 గంటల దాకా. మళ్ళీ ఆపరేషనే. పాప 2.6 కిలోలు.

నెల తర్వాత ఆ కాగితం తెచ్చి చూపించింది. అంచులు నలిగి, మీద పసుపు మరక. రెండు గంటలు అన్న మాట పక్కన నర్సు చేతిరాతతో 61 అని ఉంది. దాని కింద నాయనమ్మ ఎవరితోనో రాయించిన లైను ఒకటి: తేనె పెట్టలేదు.